గాజుగిన్నె మీద పేరు

నారాయణమ్మ ఇంట్లో పేరు లేని పాత్ర ఒక్కటే ఉండేది.

మిగతావన్నీ పేర్లున్నవే. ఇత్తడి బిందె మెడ మీద, కంచుగిన్నె అంచు మీద, ఆఖరికి గరిటె కాడ మీద కూడా ఆవిడ పెనిమిటి లక్ష్ముడి పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉండేది. పెళ్ళికో పేరంటానికో వీధిలో నలుగురూ నాలుగు గిన్నెలు పట్టుకెళ్తారు. పేరు లేకపోతే రేపు ఏ మొహం పెట్టుకుని మాది అని అడుగుతాం? బజార్లో చెంబు కొంటే, అది ఇంటి గుమ్మం తొక్కే ముందు పేర్లు కొట్టేవాడి దగ్గరికి వెళ్ళి రావాల్సిందే. అయిదో తరగతిలో చదువు ఆపేసిన మనిషి, ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివి, వత్తు పోయిందని వాడితో తగువాడి మరీ దిద్దించుకునేది.

పేరు లేని ఆ ఒక్కటీ గాజుది. ట్రంకుపెట్టె అడుగున, మావగారి పాత పంచె మడతల్లో, ఎవరి కంటా పడకుండా ఉండే పళ్ళగిన్నె.

మావ పేరు జోగయ్య. గజపతినగరం అవతల ఒక చిన్న జమీందారుగారి బంగళాలో ఆయన గాజుకొట్టు మనిషి. దొరలకి విందు చేసినప్పుడు బల్ల మీదకెక్కే గాజు సామానంతా ఉండే గది అది. వాటిని కడగడం, తుడవడం, మళ్ళీ అల్మారాలో సర్దడం ఆయన పని. ఒకసారి కలెక్టరు దొర విందు అయిన మర్నాడు చూస్తే, ఇరవై నాలుగు పళ్ళగిన్నెల్లో ఒకటి లేదు. వారం తిరక్కుండా జోగయ్యని పంపేశారు. అంతకు ఎనిమిదేళ్ళ ముందు, ఆయనకి కొడుకు పుట్టాడని పెద్దరాణిగారు తన సొంత గిన్నె ఒకటి చేతికిచ్చి దీవించింది. ఇచ్చినప్పుడు చూసినవాళ్ళు లేరు. గిన్నె పోయేనాటికి రాణిగారూ లేరు. ఉన్నది బయటపెడితే పోయింది ఇదే అంటారని ఆయన అప్పుడు నోరు విప్పలేదు. విప్పకపోయినా ఊరు అనాల్సింది అననే అంది.

ఇది జరిగిన పదేళ్ళకి నారాయణమ్మ ఆ ఇంటి కోడలయింది. మొదటి వారమే నూతి దగ్గర ఒకామె, "ఓలమ్మ, గాజుదొంగోడి కోడలు వచ్చినాది, బిందెలు జాగర్త!" అంది. అందరూ నవ్వారు. ఇంటికొచ్చి ఏడుస్తూ చీర కోసం పెట్టె తీస్తే, పంచె మడతల్లో ఆ గిన్నె చేతికి తగిలింది. పదిహేనేళ్ళ పిల్ల దాన్ని పట్టుకుని మావ ఎదట నిలబడింది. జోగయ్య రాణిగారి మాట చెప్పాడు. "అలగే మావ" అంది నారాయణమ్మ. ఒక్క ముక్క నమ్మలేదు.

ఇరవై ఏడేళ్ళు ఆయనకి వేడివేడిగా వడ్డించింది, జ్వరమొస్తే కాళ్ళు పట్టింది, కళ్ళకి పొరలు కమ్మాక చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళింది. నమ్మడం మాత్రం చెయ్యలేదు. ఆ ఆలోచన ఆవిడ లోపలే, ఆ గిన్నె లాగే, మడతల్లో ఉండిపోయింది. వీధిలో ఖాకీ బట్ట కనబడితే, అది పోస్టుమేనుదైనా సరే, వెళ్ళి ఆ పెట్టె మీద కూర్చునేది.

అరవై ఎనిమిదో సంవత్సరం, వానాకాలం. బి.ఏ. చదువుతున్న కూతురు అసిరమ్మ కాలేజీ నుంచి పరుగున వచ్చింది.

"అమ్మా, మా చరిత్ర మేడం ఆదివారం మనింటికి వస్తారట. తాతతో మాటాడ్డానికి!"

"తాతతోటా? ఏటి పని?"

"బంగళాలోని గాజు సామాను మీద రాస్తన్నారే. అదంతా అమెరికాలో సేసిందట. ఎవుళ్ళు సేసినారు, ఏ షాపువోళ్ళు అమ్మినారు, అదంతా కూపీ లాగతన్నారు."

కూపీ అన్న మాటకి నారాయణమ్మ చేతిలో చేట ఒరిగి, బియ్యం కింద పడ్డాయి. గాజు ఎవడు చేస్తే ఎవడికి కావాలి? చదువుకున్న మనిషి పనిమాలా వెతుకుతున్నదంటే పోయినదాన్ని వెతుకుతున్నదే. పిల్ల పేరు కాలేజీ పుస్తకంలోంచి కొట్టేస్తారు. మిల్లులో లక్ష్ముడి పని పోతుంది. ముసలాయన్ని ఈ వయసులో చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు. బియ్యం ఏరుతూనే అంతదూరం వెళ్ళిపోయింది ఆవిడ.

లక్ష్మీకామేశ్వరి మేడం వచ్చింది. ముప్పై దాటని మనిషి, నేత చీర, చేతిసంచీలో కాగితాలు. "తాతగారూ" అంటూ జోగయ్య మంచం పక్కన నేల మీదే కూర్చుంది. జోగయ్యకి మాట్లాడేవాళ్ళు దొరికి ఎన్నేళ్ళయిందో!

"గాజు కడగడమంటే మాటలు గాదమ్మా. కర్ర తొట్టి గావాల. అడుగున దుప్పటి ముక్క పరవాల. గోరెచ్చటి నీళ్ళు, కుంకుడు నురగ. ఒకపాలికి ఒక్కటే. రెండు పెట్టినావా, తగువులాడుకుంటాయి."

"నగిషీ కోసిన గాజుకీ అచ్చులో పోసిన గాజుకీ తేడా ఎలా తెలుస్తుంది?"

"ఏలు పెట్టు. అచ్చుది పిల్లి పిల్లలాగ మెత్తగుంటాది. కోతగాజు కరుస్తాది." ముసలాయన నవ్వాడు. "ఇంక గోటితో కొడితే గంటలాగ మోగతాది, సాలాసేపు."

మేడం రాసుకుంటూ అంది. "ఇలాంటి గాజు మీద గుర్తుంటుంది తాతగారూ. గిన్నె లోపల నడిమధ్యన, చాలా సన్నగా. మామూలుగా కనబడదు. ఊపిరి ఊది ఏటవాలుగా పట్టుకుంటే తేలుతుంది. కోసిన కంపెనీదో, అమ్మిన దుకాణానిదో ఆ గుర్తు. అమెరికాలో గాజు మ్యూజియానికి రాస్తే, ఏ గుర్తు ఎవరిదో బొమ్మలు గీసి పంపించారు."

జోగయ్య మంచం మీద కాస్త ముందుకి జరిగాడు. తరవాత అన్నాడు. "ఆవిరి పట్టినపుడు ఏదో మచ్చ కనబడీదమ్మా. మరకనుకుని తుడిసీవోడ్ని. అంటే... ఏ గిన్నె ఎక్కడ కొన్నదో తెలిసిపోతాదన్నమాట?"

"తెలుస్తుంది."

"నా దగ్గరొకటున్నాది," అన్నాడు జోగయ్య.

గుమ్మం వెనక నారాయణమ్మ తలుపు పట్టుకుంది.

"పెద్దరాణమ్మగారు మద్రాసు ఎల్లి కొనుక్కున్న గిన్నె, నాకిచ్చినారు. బంగళా గిన్నెలు మద్రాసువి గావు. ముప్పై ఏడేళ్ళయి ఈ మాట లోపలున్నాది. నువ్వు సూసి సెప్పమ్మా."

మేడం ముఖం వెలిగింది. "నేను చెప్పడమేమిటి, గుర్తే చెబుతుంది. వచ్చే ఆదివారం జగన్నాధంగారిని కూడా తీసుకొస్తాను. బంగళా కాగితాలన్నీ ఆయన దగ్గరే ఉన్నాయి."

జగన్నాధంగారు బంగళా గుమాస్తా. ఆనాడు జోగయ్యని పంపేసింది ఆయనే.

మేడం వెళ్ళాక జోగయ్య మంచం మీద కూర్చుని సన్నగా కూనిరాగం తీశాడు. ఆయన రాగం తియ్యగా నారాయణమ్మ అదివరకెప్పుడూ వినలేదు. ఆవిడకి అది వినబడుతోంది గానీ, చెవుల్లో మోగుతున్నది వేరే మాట. గుర్తే చెబుతుంది.

అమ్మినవాడి పేరట! అమ్మినవాడి పేరు గిన్నె మీద ఎవడైనా వేయించుకుంటాడా? ఈ బిందె అమ్మినవాడి పేరు బిందె మీదుందా? పాత్ర మీద పేరుంటే అది పాత్ర గలవాడిది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ చూసిన ప్రతి గిన్నె మీదా అంతే. గాజుగిన్నె మీద పేరుందంటే అది జమీందారుదే. చదువుకున్న మనిషి ముసలాయన్ని భయపెట్టకుండా తియ్యగా చెప్పింది, అంతే. ఆ పిచ్చి మనిషి గిన్నె తనంతట తానే చేతికిస్తానన్నాడు. మావ దొంగతనం చేసిన సంగతి ఆవిడకి ఎప్పుడూ తెలిసిందే. పేరుతో సహా చేశాడన్నది మాత్రం కొత్త.

మంగళవారం మధ్యాహ్నం. లక్ష్ముడు మిల్లులో, పిల్ల కాలేజీలో. జోగయ్య అరుగు మీద నిద్రపోతున్నాడు. నారాయణమ్మ పెరటి తలుపు గడియ పెట్టి పెట్టె తెరిచింది.

గిన్నె బరువుగా ఉంది. వెలుతురు తగలగానే గోడ మీద రంగులు లేచాయి. ఆవిడ దాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని, వేడి అన్నం ఊదినట్టు ఊదింది. ఏమీ లేదు. ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ ఊది కొంచెం వంచింది. నడిమధ్యన, రూపాయి బిళ్ళంత చోట, సన్నగా పొగతో గీసినట్టు ఒక గుండ్రం. గుండ్రంలో వేలాడే లాంతరు. లాంతరు కింద ఇంగ్లీషు అక్షరాలు మూడు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. అయినా కళ్ళు తిప్పుకోలేకపోయింది. ముగ్గు చూస్తే చుక్కల లెక్కతో సహా పట్టే కన్ను ఆవిడది. ఒకటి నిచ్చెన ముక్క, ఒకటి గుడారం, ఒకటి పడుకున్న పాము లేచి నిలబడ్డట్టు. ఊపిరి ఆరిపోయి అది మాయమైంది. మళ్ళీ ఊదింది. మళ్ళీ వచ్చింది. చచ్చినవాళ్ళ పేరు పిలిస్తే పలికినట్టు.

కత్తిపీట నూరే సానరాయి ముక్క, ఇటుకపొడి, తడి ఇసుక. మొదట చెయ్యి రాలేదు. అంత అందమైన వస్తువు. తరవాత పిల్ల మొహం గుర్తొచ్చింది, పళ్ళు బిగించి రుద్దింది. గాజు కీచుమన్నప్పుడల్లా అరుగు వైపు చెవి పెట్టి ఆగింది. అరగంటకి గుర్తు లేదు. ఆ చోట రూపాయంత మచ్చ మిగిలింది. మావ కంటి మీది పొరలాగ తెల్లగా, గుడ్డిగా.

కడిగి, తుడిచి, పంచెలో చుట్టి పెట్టింది. గండం గడిచిందని గ్రామదేవతకి కొబ్బరికాయ మొక్కుకుంది కూడాను.

ఆదివారం జోగయ్య పొద్దున్నే తలంటుకున్నాడు. ఉతికిన పంచె అడిగి కట్టుకున్నాడు. "అమ్మీ, కాఫీ పెట్టు. జగన్నాధం బాబుకి పంచదార ఎక్కువుండాల," అని రెండుసార్లు గుర్తు చేశాడు.

జగన్నాధంగారు ఎనభైకి దగ్గరపడ్డ మనిషి, చేతికర్ర, చంకలో ఎర్రగుడ్డ కట్టిన కాగితాల కట్ట. కుర్చీలో కూర్చుని జోగయ్యని చూశాడు. "ఏమోయ్ జోగయ్యా, బతికే ఉన్నావన్నమాట."

"తమరొస్తారని ఆగినాను బాబూ."

మేడం కాగితం చూసి చెప్పింది. "చూడండి తాతగారూ. బంగళా గిన్నెలు ఇరవై నాలుగూ కలకత్తా దుకాణంలో కొన్నారు. బంగళా సామాను వేలంలో పాడుకున్నవాళ్ళ దగ్గర రెండు చూశాను. రెండింటి మీదా నక్షత్రం గుర్తు, ఆ దుకాణానిది. మీ గిన్నె మీద నక్షత్రం కాకుండా ఇంకేది ఉన్నా, అది పోయిన గిన్నె కాదు. అంతే సంగతి."

కాఫీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన నారాయణమ్మ అక్కడే ఆగిపోయింది.

నక్షత్రం.

లాంతరు కదా అది!

అసిరమ్మ అప్పటికే గిన్నె తెచ్చి మేడం చేతిలో పెట్టింది. మేడం దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. ఊపిరి ఊదింది. వంచింది. ఇంకోసారి ఊదింది. సంచీలోంచి భూతద్దం తీసింది. ఆవిడ వీపు మాత్రమే నారాయణమ్మకి కనబడుతోంది. ఆ వీపు నెమ్మదిగా వంగడం చూసింది.

"ఇక్కడ... ఎవరో రాయి పెట్టి రుద్దినట్టుంది."

జగన్నాధంగారు గిన్నె అందుకుని కళ్ళజోడు సర్దుకున్నాడు. చూశాడు. నవ్వలేదు, కోప్పడలేదు. అదే ఎక్కువ నొప్పించింది.

"అమ్మా, నువ్వు చిన్నదానివి. మా రోజుల్లో సంతలో చెంబు కొనేటప్పుడు ముందు చూసేది ఇదే. పేరు గీకేసిన చోటుందా అని. ఉంటే ఆ చెంబు ముట్టుకోం." గిన్నె బల్ల మీద పెట్టాడు. "పేరు తనదైతే గీక్కుంటాడా ఎవడైనా?"

ఇది నారాయణమ్మకి తెలియని సంగతా? నూతి దగ్గర తానే ఎన్నిసార్లు అని ఉంటుంది! మంగళవారం మాత్రం తట్టలేదు.

"ఏదీ, ఇలా ఇయ్యండి," అన్నాడు జోగయ్య.

రెండు చేతులతో గిన్నె తీసుకున్నాడు. ఆయన వేళ్ళు అంచు చుట్టూ తిరిగి, కోతల మీదుగా దిగి, నడిమధ్యకి చేరాయి. బొటనవేలు ఆ మచ్చ మీద ఆగింది. అటూ ఇటూ కదిలింది. కోత సందులో ఏదో తగిలితే వేలికి అద్దుకుని నలిపి చూశాడు. ఇటుకపొడి. ఎంత కడిగినా సందుల్లో ఉండిపోయింది. కుంకుడు తప్ప ఇంకోటి ఎరగని గిన్నెలో ఇటుకపొడి. ఆయన తలెత్తి, కనబడని కళ్ళతో, సరిగ్గా వంటింటి గుమ్మం వైపు చూశాడు.

నారాయణమ్మ నోరు తెరిచింది.

"నానే బాబూ," అన్నాడు జోగయ్య. "ముసిలోడ్ని, కళ్ళగుపడవు. మీరంతా వస్తన్నారని తోమినాను. మెరుస్తాదనుకున్నాను."

"రాయి పెట్టి తోమావా?" అన్నాడు జగన్నాధంగారు. "గాజు పక్కన గాజు పెడితేనే ఒప్పుకునేవాడివి కాదు. నువ్వు రాయి పెట్టి తోమావా జోగయ్యా?"

"అవును బాబూ."

మేడం పుస్తకం మూసేసింది. "పరవాలేదు తాతగారూ," అంది. పరవాలేదు అన్న మాటలో ఇంకేమీ మిగల్లేదు. వాళ్ళు కాఫీ తాగకుండా వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం పెరట్లో అసిరమ్మ అడిగింది. "అమ్మా, అయితే తాత దొంగేనా?"

నారాయణమ్మ అంట్లు తోముతోంది. చెప్పొచ్చు, అప్పుడే చెప్పొచ్చు. "సీకటి పడతన్నాది, బట్టలు తియ్యి," అంది.

ముసలాయనకి రోజూ సాయంత్రం పేపరు చదివి పెట్టేది అసిరమ్మే. సోమవారం ఆయన అరుగు మీద ఎదురు చూసి, "అసిరీ, పేపరు రానేదేటే?" అని కేకేశాడు.

"పరీక్షలున్నాయి తాతా." లోపలినుంచే.

"సదువుకో, సదువుకో."

మంగళవారం కేకెయ్యలేదు. పేపరు మడత విప్పి, కనబడకపోయినా, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అన్నం పెట్టేటప్పుడు నారాయణమ్మతో ఎప్పటిలాగే మాట్లాడాడు. పులుసు బాగుందన్నాడు. ఆవిడ చేతికి తన చెయ్యి తగిలినప్పుడు వెనక్కి తీసుకోలేదు. తిట్టి ఉంటే ఏడ్చి ఉండేది. వీధిలోకి గెంటినా బాగుండేది. అన్నం ముద్ద దిగక, దొడ్లో కుక్కకి వేసింది.

ఇరవై ఏడేళ్ళు దొంగ అనుకుంటూ అన్నం పెట్టింది. చివరికి దొంగని చేసింది తనే. ఆయనకి మిగిలిన ఒక్క మనవరాలి దగ్గర కూడా.

బుధవారం అసిరమ్మ చెప్పులేసుకుంటుంటే గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తాత గాదు. నాను గీకినాను."

పిల్లకి అర్థం కాలేదు.

"గిన్నె. నానే. రాయెట్టి గీకినాను. దొరగారి పేరనుకున్నాను. తాతని పట్టుకుపోతారని... నీ సదువు పోతాదని..." అక్కడితో ఆగాలనిపించింది. పిల్ల కోసమే చేశానంటే పిల్ల క్షమిస్తుంది. అంతా చెప్పింది. "దొంగిలించినాడనే అనుకున్నాను. నానొచ్చిన కాణ్ణించి అలగే అనుకున్నాను."

అసిరమ్మ తల్లిని చాలాసేపు చూసింది. అరుగు మీద తాతని చూసింది. "తాతకి తెల్సా?"

"ఏలు పెట్టగానే తెలిసిపోనాది."

"తెలిసే..." పిల్ల రెండో చెప్పు వేసుకుంది. "పద. మేడం ఈయాల జగన్నాధంగారింటి కాడుంటారు, కాగితాలు రాసుకుంటారు. నడు."

జగన్నాధంగారి అరుగు మీద ఆయనా, ఇద్దరు ముసలివాళ్ళూ చదరంగం ఆడుతున్నారు. లోపల చాప మీద కాగితాల మధ్య మేడం. లోపలికి వెళ్ళి ఆవిడ చెవిలో చెప్పి వచ్చెయ్యొచ్చు. నారాయణమ్మకి ఆ దారి కనబడింది. కాళ్ళు అటే లాగాయి కూడా. కానీ దొంగ అన్న మాట అరుగుల మీద తిరిగింది గానీ చెవుల్లో కాదు.

వీధిలోనే నిలబడింది. కొంగు నిండుగా కప్పుకుంది. "బాబుగారూ, గిన్నె మీద గుర్తు మా మావ గీకనేదు. నాను గీకినాను. మా మావ దొంగని నానే అనుకున్నాను."

చదరంగం ఆగింది. ఒక ముసలాయన, "ఎవరి తాలూకమ్మా?" అన్నాడు. ఇంకొకాయన చెప్పాడు. మేడం బయటికొచ్చింది. ఎదురింటి గుమ్మంలోకి ఇద్దరాడవాళ్ళు వచ్చారు.

జగన్నాధంగారు కర్ర మీద గడ్డం ఆనించాడు. "మావ పరువు కోసం వచ్చావు. మంచిదే. రేపు వాడి కొడుకొచ్చి నేనే గీకానంటాడు. గుర్తు పోయింది కదమ్మా, ఇప్పుడెవరేమన్నా ఒకటే."

"గుర్తు నాను సూసినాను. లాంతరు."

"లాంతరో, దీపస్తంభమో..."

నారాయణమ్మ చుట్టూ చూసింది. ఆయన గుమ్మం పక్కన ముగ్గుచిప్ప ఉంది. అడక్కుండా తీసుకుంది. వీధిలో తడి నేల మీద కూర్చుంది. మొదటి గీత వంకర పోయింది. చెరిపి మళ్ళీ వేసింది. గుండ్రం. గుండ్రంలో పైనుంచి కొక్కెం, కొక్కేనికి లాంతరు, దాని పొట్ట మీద మూడు నిలువు గీతలు. కింద నిచ్చెన ముక్క. దాని పక్కన గుడారం. ఆ పక్కన నిలబడ్డ పాము.

"ఇంగిలీసు నాకు రాదు. ఏటున్నాదో అదే యేసినాను."

మేడం లోపలికి పరుగెత్తి కాగితం తెచ్చింది. అమెరికానుంచి వచ్చిన బొమ్మల కాగితం. ముగ్గు పక్కన ముడుచుకు కూర్చుని, వేలితో వెతికి, ఒకచోట ఆగింది. కాగితం జగన్నాధంగారి చేతికిచ్చింది.

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. కాగితం చూశాడు, ముగ్గు చూశాడు. లాంతరు పొట్ట మీద గీతలు కాగితంలోనూ మూడే.

"ఈ కాగితం ఈమెకి చూపించావా?"

"మీకే చూపించలేదు," అంది మేడం. "మద్రాసు దుకాణమండీ. అమెరికాలో గిన్నె కోయించి తమ గుర్తు వేయించుకున్నవాళ్ళు."

జగన్నాధంగారు కాగితం తిరిగిచ్చి అన్నాడు. "ఇరవై నాలుగోది ఏమైనట్టు మరి?" అది ఎవర్నీ అడిగిన మాట కాదు. ఆయన లేచి, చదరంగం పావులు అలాగే వదిలేసి, లోపలికి వెళ్ళిపోయాడు.

ఎదురింటామె పక్కామెతో అంటున్నది నారాయణమ్మకి వినబడింది. "సొంత మావనే దొంగనుకున్నాదట! ఆ ముసిలోడి అన్నం ముద్ద ఎలగ కలిపినాదో!" తల వంచుకుని ఇంటిదాకా నడిచింది. ఆ మాట అబద్ధం కాదు.

జోగయ్య అరుగు మీదున్నాడు. అసిరమ్మ వెళ్ళి ఆయన పక్కన కూర్చుని, పేపరు లాక్కుని, గబగబా చదవడం మొదలుపెట్టింది. రెండు వార్తలు చదివి ఆగి, జరిగింది చెప్పింది. ఆయన విన్నాడు. తల ఆడించాడు. "లాంతరా?" అన్నాడు. "అన్నేళ్ళు తుడిసినాను, నాకు మరకలాగే కనబడినాది. ఏదీ, ఎలగుంటాదే?"

అసిరమ్మ తల్లి వైపు చూసి లోపలికి లేచి వెళ్ళింది.

నారాయణమ్మ మెట్టు మీద కూర్చుంది. ఆయన చెయ్యి తీసి తన మోకాలి మీద పెట్టుకుంది. చూపుడువేలితో అరచేతిలో గీసింది. గుండ్రం, కొక్కెం, లాంతరు. నిచ్చెన, గుడారం, పాము. వేలు ఎంత తేలిగ్గా ఆనించిందంటే, ఆయనకి చక్కిలిగిలి పుట్టింది.

"గట్టిగా గీయే. అంత మెత్తగా గీసి, గాజులో దిగిన గుర్తుని అరగంటలో ఎలగ తీసేసినావు?"

"తమరు లెగిసే ఉన్నారేటి?"

"గాజు కీసుమంటే నాకు నిద్దరుంటాదా? ఆదివారానికి గిన్నె కడిగి పెడతన్నావనుకున్నాను." ఆవిడ వైపు తిరిగాడు. "అమ్మీ, ఒకటి సెప్పు. ఈ ఇంటికొచ్చిన కాణ్ణించీ అలగే అనుకున్నావేటి?"

లేదు అనొచ్చు. మొన్న మేడం వచ్చాకే భయం పట్టుకుందని అనొచ్చు. ఆయన నమ్ముతాడు కూడా.

"అనుకున్నాను మావ."

జోగయ్య చెయ్యి ఇంకా ఆవిడ మోకాలి మీదే ఉంది. వీధిలో ఎవరో ఇత్తడి బిందె రాతి మీద పెట్టారు, ఆ చప్పుడు పోయేదాకా ఆగాడు. తరవాత నెమ్మదిగా గుప్పిట మూసి, ఆ చేతిని పొట్ట దగ్గరికి తీసుకున్నాడు.

"సరే ఎల్లు, పులుసు పెట్టు," అన్నాడు. "ఇది మట్టుకు నా దగ్గరుండనీ. నీ సేతికిస్తే మళ్ళీ గీకీగలవు."

లోపల అసిరమ్మ పకపకా నవ్వింది. ముసలాయనా నవ్వాడు. నారాయణమ్మ వంటింట్లోకి వెళ్ళి, పేర్లున్న గిన్నెల మధ్య, ఏ గిన్నె తియ్యాలో తెలియక నిలబడింది.